సన్నని పోగు

ఇంగ్లీషులో నేడు ‘సటిల్టీ’ యనబడు సూక్ష్మతకు ‘సబ్టిల్టీ’ యనునది పూర్వరూపము. ఇది ఇప్పుడు వాడుక తప్పినది. 1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిలు వంటి పాత గ్రంథములలో కానవచ్చును. వ్రాతలో భేదము స్వల్పమే. అర్థములోని భేదము మాత్రము స్వల్పము కాదు.

‘సుబ్తీలిస్’ అను లాటిన్ పదము దీనికి మూలము. మగ్గముపై నేత క్రిందుగా సాగు సన్నని పోగును సూచించు మాట యిదియని నిఘంటుకారులు చెప్పుదురు. కంటికి చిక్కని ఆ పోగు నేర్పరి చేతిలో నుండవచ్చును, మోసగాని చేతిలోనూ ఉండవచ్చును. పాత మాట ఈ రెండింటిని ఒక్కచోటనే మోసినది. ఆ బైబిలులో సామెతల గ్రంథమున అది అమాయకులు అలవరచుకొనవలసిన వివేకము. ఆదికాండమున యాకోబు అన్న వేషముతో తండ్రి దీవెనను కాజేసినప్పుడు అదే మాటకు కపటమని అర్థము. హీబ్రూ మూలమున ఈ రెండు చోట్ల వేర్వేరు పదములున్నవి. ఇంగ్లీషువారికి ఒక్కటే సరిపోయినది.

మెప్పు నిందగా మారుటకు మరియొక నిదర్శనము కలదు. 1308లో మరణించిన తత్త్వవేత్త డన్స్ స్కోటసుకు ‘సూక్ష్మ పండితుడు’ అని బిరుదు. పదునారవ శతాబ్దమున ఆయన అనుయాయుల అతితర్కమును పరిహసించినవారు ఆ పేరునే మందమతికి తగిలించిరి. నేటి ‘డన్స్’ అను తిట్టు పుట్టుక అదియే.

మనకు ఇది క్రొత్త కాదు. ‘యుక్తి’ యనగా తర్కము, ఉపాయము. ‘యుక్తిపరుడు’ అన్నప్పుడు మెచ్చుకొనుటయో హెచ్చరించుటయో పలుకు తీరునుబట్టి తెలియును. ‘గడుసుతనము’ సంగతియు అంతే. కనుక పాత ఇంగ్లీషు గ్రంథములను తెనిగించువారు ఈ మాట యెదురైన ప్రతిచోట ‘సూక్ష్మత’ యని వేసి సాగిపోరాదు. సందర్భమునుబట్టి ఒకచోట వివేకము, ఒకచోట నేర్పు, ఇంకొకచోట కపటము కావలసియుండును. నిఘంటువు ఈ మూడింటిని చూపును, ఎన్నుకొనవలసినది అనువాదకుడే.

నేటి ‘సటిల్టీ’ ప్రాయికముగా మెప్పుమాటగానే మిగిలినది. మన విమర్శలలో ‘సూక్ష్మత’ సంగతియు అదియే. కథ సూక్ష్మమన్నంతనే ఉత్తమమనియు, వాదము సూక్ష్మమన్నంతనే సత్యమనియు భావించుచున్నాము. పాత మాట ఇంత తేలికగా నమ్మనిచ్చెడిది కాదు. పోగు సన్నదనమును మెచ్చుకొనుటకు ముందు, దానితో అల్లినది వస్త్రమో వలయో చూడవలెను.