చలికి పైరును కాస్తున్నాం, మరి మనిషిని?

మంచు కమ్మితే శనగ పూత ఏమవుతుందోనని పది మందికి ఫోన్ చేస్తాం. అదే మంచులో అడవి పందుల కాపలాకు మంచె ఎక్కే పెద్దాయన గురించి ఒక్కరమూ అడగం. తెల్లారి ఆయన లేవకపోతే "వయసైపోయింది" అనేసి ఊరుకుంటాం. నాకు నచ్చనిది ఇదే.

మనకు చలి అంటే లంబసింగి ఫొటోలు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ పల్లెల్లో, అరకు, పాడేరు గూడేల్లో అది ప్రాణాల మీది మాట. మైదాన ప్రాంతంలో కనిష్ఠం 10 డిగ్రీలకు దిగి, మామూలు కంటే 4.5 డిగ్రీలు తగ్గితే వాతావరణ శాఖ దాన్ని శీతల గాలులు అంటుంది. ఆ హెచ్చరిక వచ్చిన రోజుల్లో పగలు కరెంటు ఉంటే నీళ్లు పగలే కట్టండి. రాత్రి పోక తప్పదంటే ఒంటరిగా పోవద్దు. మడిలో తడిసిన బట్టలు వెంటనే మార్చుకోండి.

రెండు మాటలు గట్టిగా చెప్తా. మందు తాగితే వేడి పుట్టినట్టు అనిపిస్తుందే గానీ, ఒంట్లో వేడి బయటికి పోతుంది. బొగ్గుల కుంపటి తలుపులు మూసిన గదిలో పెట్టి పడుకోవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వణికే మనిషి మాట తడబడి, మత్తుగా అయిపోతే, వణుకు ఆగినా తగ్గిందనుకోకండి. అదే అసలు ప్రమాదం. వెంటనే 108కి ఫోన్ కొట్టండి. అది వచ్చేలోపు గాలి తగలని చోటికి చేర్చి, పొడి దుప్పట్లు కప్పండి. కాళ్లూ చేతులూ గట్టిగా రుద్దొద్దు, వేడినీళ్లు పోయొద్దు. తెలివిలో ఉంటేనే వెచ్చటి తీపి టీ పట్టించండి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో శీతల గాలులు ఉన్నాయి. ఆ నిబంధనల ప్రకారం చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల సాయం ఉంది. కాకపోతే మరణానికి కారణం చలేనని అధికారులు ధ్రువీకరించాలి. "వయసైపోయింది" అని మనమే తేల్చేసి దహనం చేస్తే ఇక ఎవరు ధ్రువీకరిస్తారు?

సర్కారును అడగాల్సింది అడుగుదాం. కానీ ఈ రాత్రి మీ వాడలో ఒంటరిగా ఉండే ముసలివాళ్ల తలుపు మాత్రం మీరే తట్టాలి.