మన గంటలకు లెక్కేదీ?

మొన్న సార్వా కోతల్లో మా చేలోకి కోత మిషన్ దిగింది. పని అయ్యాక డ్రైవరు మీటరు చూసి, "గంటా ఇరవై నిమిషాలు, నాలుగు వేలు" అన్నాడు. గంటకు 3 వేలు కాబట్టి లెక్క సరిగ్గానే కనిపించింది. డబ్బు తీయబోతుంటే మా అబ్బాయి ఆపాడు. "నాన్నా, మిషన్ దిగినప్పటికీ ఇప్పటికీ మీటరులో తేడా 1.2. అది గంటా ఇరవై కాదు. చుక్క తర్వాత అంకె గంటలో పదో వంతు. రెండు పదో వంతులంటే 12 నిమిషాలే." గంటా 12 నిమిషాలకు 3,600 అవుతుంది. డ్రైవరు కాస్త గొణిగి ఒప్పుకున్నాడు. 400 మిగిలింది.

ఎనిమిది నిమిషాల కోసం అంత వాదించాం, బాగానే ఉంది. అదే చేలో నేనూ, మా ఇంటావిడా ఆ పంటకు ఎన్ని గంటలు పనిచేశామని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. మిషన్ గంట రాసి ఉంది, ట్రాక్టరు గంట రాసి ఉంది, కూలీల పూటలు రాసి ఉన్నాయి. మన గంట మాత్రం ఎక్కడా లేదు.

ఇది సొంత బాధ మాత్రమే కాదు, మద్దతు ధరతో ముడిపడ్డ విషయం. 2025-26 సార్వాకు సాధారణ రకం వరికి కేంద్రం క్వింటాలుకు 2,369 రూపాయలు ప్రకటించింది. ఖర్చు 1,579 అని, దానిపై 50 శాతం కలిపామని చెప్పింది. ఆ 1,579లో ఉన్నవి చేతి ఖర్చులు, వాటికి తోడు కుటుంబ శ్రమ విలువ. సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడిపై వడ్డీ అందులో లేవు. అవి కూడా కలిపే సీ2 ఖర్చుపై యాభై శాతం ఇవ్వాలని మనం ఏళ్ల తరబడి అడుగుతున్నాం, ఇక ముందూ అడుగుతాం. కానీ వాళ్లు లెక్కలోకి తీసుకున్నామంటున్న కుటుంబ శ్రమలో మన రాత్రులు ఎన్ని ఉన్నాయి? ఆడవాళ్ల గంటలు ఎన్ని ఉన్నాయి? ఆ ప్రశ్న అడగాలంటే ముందు మన దగ్గర మన లెక్క ఉండాలి.

లెక్క కష్టమేమీ కాదు. మాది కాలువ చివరి భూమి, వంతు నీళ్లు రాత్రిపూటే వస్తాయి. ఒక రోజు తీసుకుందాం. రాత్రి 10.15కి మడవ దగ్గరికి వెళ్లి తెల్లవారుజామున 4.45కి వచ్చాను. అర్ధరాత్రి దాటిన పనిని రెండు ముక్కలు చేయాలి. 12 దాకా గంటా 45 నిమిషాలు, ఆ తర్వాత 4 గంటల 45 నిమిషాలు. మొత్తం ఆరున్నర గంటలు. పొద్దున యూరియా చల్లడానికి రెండున్నర. నావి 9 గంటలు. మా ఇంటావిడ 9 నుంచి సాయంత్రం 4.30 దాకా కలుపు తీసింది, అన్నానికి గంట తీసేస్తే ఆరున్నర. ఇద్దరివీ కలిపి పదిహేనున్నర గంటలు. రోజుకు 8 గంటల పని, 500 కూలి అనుకుంటే గంటకు 62.50. ఆ ఒక్క రోజు మా కష్టం 968 రూపాయల 75 పైసలు. మీ ఊళ్లో రేటు ఎంతుంటే అంత వేసుకోండి.

ఒక్క జాగ్రత్త. ఆరున్నర గంటలను ఫోను కాలిక్యులేటరులో 6.30 అని కొట్టకండి, 6.5 అని కొట్టాలి. నిమిషాలను 60తో భాగిస్తే సరిపోతుంది. 15 నిమిషాలంటే 0.25, 45 నిమిషాలంటే 0.75. ఈ పొరపాటు వల్ల రాత్రికి 12 రూపాయల 50 పైసలు పోతాయి. అలాంటివి 30 రాత్రులైతే 375.

మరో మాట, కొందరికి నచ్చకపోవచ్చు. కూలి రేట్లు పెరిగిపోయాయని మనం గట్టు మీద కూర్చుని విసుక్కుంటాం. కానీ కుటుంబ శ్రమకు విలువ కట్టేది ఊళ్లో నడిచే కూలి రేటును బట్టే. కూలీ కష్టాన్ని తక్కువ చేస్తే మన కష్టమూ తక్కువవుతుంది. ఆడవాళ్ల కూలి తగ్గించి ఇస్తే మన ఇంటి ఆడవాళ్ల గంట విలువ కూడా పడిపోతుంది. సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం వచ్చింది. మన చేలల్లో అది ఎంతవరకు అమలవుతోందో మనకే తెలుసు.

కుటుంబ శ్రమకు చట్టబద్ధ కనీస వేతనం, ఊళ్లో నడిచే కూలి, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలని, రైతు పర్యవేక్షణకు మరో పది శాతం కలపాలని ప్రొఫెసర్ సి.హెచ్. హనుమంతరావు కమిటీ 1990లోనే సిఫారసు చేసింది. ఇన్నేళ్లయినా మద్దతు ధర ఆ లెక్కతో కట్టడం లేదు.

"నోటుబుక్కులో రాస్తే ధర పెరుగుతుందా?" అని అడిగేవాళ్లు ఉంటారు. ఒక్క పుస్తకంతో పెరగదు. కానీ ధరల కమిషన్ రైతు సంఘాలనూ పిలిచి అభిప్రాయం అడుగుతుంది. అక్కడ "చాలా కష్టపడుతున్నాం" అంటే విని ఊరుకుంటారు. ఊరికి పది కుటుంబాల చొప్పున తేదీ, మొదలుపెట్టిన టైము, ముగించిన టైము, ఎవరు చేశారు, ఏం పని అని రాసిన పుస్తకాలు ముందు పెడితే జవాబు చెప్పాల్సి వస్తుంది. పగటిపూట నీళ్లు, పగటిపూట కరెంటు అడగడానికీ ఆ పుస్తకాలే సాక్ష్యం. పట్టా పేరు మీద లేని కౌలు రైతుకు, ఆ చేలో పనిచేసింది తానేనని చూపించుకోవడానికి తన చేతిరాత కొంతైనా ఆసరా.

గ్రామ కమిటీలు వచ్చే పంటకు ఈ పని చేపట్టాలని నా విన్నపం. నారుమడి దున్నిన రోజు మొదటి గీత గీయండి. ధాన్యం కాటా అయిన రోజు కూడండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే పుస్తకం వాళ్ల చేతికివ్వండి. రాయించేటప్పుడు మీ గంటలతో పాటు ఇంటావిడ గంటలు కూడా చెప్పడం మరవకండి.