టెన్నెసీ నదీతీరాన గోల్ఫ్ యాత్ర

అమెరికాలోని ఆలబామా రాష్ట్రంలో, మజిల్ షోల్స్ వద్ద, 1924లో పూర్తయిన విల్సన్ ఆనకట్టకు చేరువగా టెన్నెసీ నది ఒడ్డున ‘ద షోల్స్’ గోల్ఫు మైదానాలు రెండున్నాయి. వాటిలో ‘ఫైటింగ్ జో’ పొడవు 8,000 గజాలకు పైబడినది. ఆ అంకెకు బెదరనక్కరలేదు. తొలి దెబ్బ కొట్టే ‘టీ’లు పలు దూరాలలో ఉంటాయి, తన శక్తికి తగినదానిని ఎంచుకోవడం చిన్నతనమేమీ కాదు. పంతానికి పోయి అన్నిటికంటె వెనుకనున్న టీ నుండి ఆరంభించినవారికి దక్కేది పొదలలో బంతుల వెదుకులాటే!

అందుచేత మొదటి రెండు రోజులు తూర్పున హంట్స్‌విల్ చెంతనున్న హాంప్టన్ కోవ్‌లో గడపడం వివేకం. అక్కడ ఒకప్పుడున్న ‘రివర్’ కోర్సులో ఇసుక గుంట ఒక్కటీ ఉండేది కాదు. నీటికి మాత్రం కొదవ ఉండేది కాదు. కొత్తవారికి చిన్న పార్-3 కోర్సు కూడ ఉన్నది. అటుపిమ్మట కారులో పడమరగా సాగితే రెండు గంటలలోపే షోల్స్ చేరవచ్చును.

ఇవన్నీ రాబర్ట్ ట్రెంట్ జోన్స్ పేరిట వెలసిన మైదానాల వరుసలోనివి. పెట్టుబడి ఆ రాష్ట్రపు ఉపాధ్యాయుల, ఉద్యోగుల పింఛను నిధిది. వృద్ధాప్యపు సొమ్ముతో పచ్చిక పెంచడమేమిటని శంకించినవారూ లేకపోలేదు. యాత్రికులు వస్తే రాష్ట్రం బాగుపడుతుందని, రాష్ట్రం బాగుంటేనే నిధి నిలుస్తుందని నిధి అధిపతి డేవిడ్ బ్రానర్ వాదం.

వేసవిలో అక్కడ ఉక్క అధికం. ఏప్రిల్, అక్టోబరు మాసాలు హాయి. కాని అందరూ కోరేవీ అవే గనుక ఆటవేళలను ముందుగానే ఖాయం చేసుకోవాలి.