సొంతలారీ డ్రైవరునకు మిగులునదెంత?

మన ధాన్యము మిల్లు చేరవలెనన్నను, మన మామిడి దూరదేశపు విపణికి పోవలెనన్నను, ఎరువును సిమెంటును మన గ్రామములకు రావలెనన్నను లారీయే ఆధారము. ఈ లారీలలో అధికభాగము పెద్ద కంపెనీలవి కావు. అప్పు తెచ్చి ఒకటి రెండు బండ్లు కొనుక్కొన్న చిన్న యజమానులవి. వీరిలో ననేకులు తమ బండిని తామే నడుపుకొనుచున్నారు. వీరికి బాడుగ గిట్టుచున్నదా యను ప్రశ్న లారీల సమ్మె వచ్చినప్పుడు మాత్రమే పట్టణములలో వినవచ్చును. సమ్మె ముగిసిన మరునాడే మరుగున పడును. దీనిని లెక్కలతో విచారించుట యవసరమని మేము తలంచుచున్నాము.

మొదట గుర్తింపవలసినదేమనగా, బాడుగ వేరు, సంపాదన వేరు. మన దేశమున బాడుగ టన్నుకింత యనియో, ఈ ఊరినుండి ఆ ఊరికింత యనియో కుదురును. చేతికందిన మొత్తము పెద్దదిగనే కనుపించును. ఖర్చు మాత్రము కిలోమీటరు కిలోమీటరునకును పెరుగుచుండును. రాబడిని గూడ అదే కొలతతో కొలిచినగాని నిజము బయటపడదు.

పది చక్రముల లారీ యొకటి నెలకు 6,000 కిలోమీటర్లు తిరుగుననుకొందము. సరకుతో నడచునపుడు కిలోమీటరుకు 50 రూపాయలు వచ్చుననియు, ప్రతి పది కిలోమీటర్లలో రెండు ఖాళీగా నడచుననియు ననుకొందము. అప్పుడు సగటు రాబడి 40 రూపాయలే. ఆంధ్రప్రదేశమున 2024లో డీజిలు లీటరు సుమారు 97 రూపాయలు. లీటరుకు నాలుగు కిలోమీటర్ల వంతున డీజిలుకే 24 రూపాయలు పోవును. టోలు రుసుము 5, టైర్లు మరమ్మతులు మూడున్నర, బీమా పన్ను పర్మిట్టులు ఒకటిన్నర అనుకొన్నచో వెరసి 34 రూపాయలు. మిగులు 6 రూపాయలు. అనగా నెలకు 36,000. అప్పు వాయిదా 25,000 కట్టగా నిలుచునది 11,000. క్లీనరు జీతము, బ్రోకరు కమీషను, దారి మామూళ్లు అన్నియు నిందులోనే తీరవలెను. రేయింబవళ్లు చక్రముముందు కూర్చున్నవాని కూలి యెక్కడ?

ఈ యంకెలు ఉదాహరణమునకు గైకొన్నవి. బండినిబట్టి, దారినిబట్టి మారును. కాని వాని నడుమనున్న సంబంధము మారదు. ఖాళీ నడక పదింటికి రెండుగాక మూడైనచో సగటు రాబడి 35కు దిగును. ఖర్చు మాత్రము ఇంచుమించు అంతయే. మిగులు కిలోమీటరుకు ఒక్క రూపాయి, నెలకు 6,000. వాయిదాయే తీరదు. తిరుగు లోడు దొరకుట దొరకకపోవుటలోనే ఈ కుటుంబముల బ్రదుకు ఇమిడియున్నదని దీనివలన స్పష్టమగుచున్నది. బండి నిలిచియున్నను కష్టమే. 20 టన్నులు మించి 40 టన్నులకు లోబడిన సరకుబండికి 2022లో నిర్ణయించిన థర్డుపార్టీ బీమా యేటికి 43,950 రూపాయలు. ఏడాదికి 72,000 కిలోమీటర్లు తిరిగిన లారీకి ఇది కిలోమీటరుకు 61 పైసలు. సగమే తిరిగినచో రూపాయి ఇరువది రెండు పైసలు.

ప్రభుత్వపు నిర్ణయములును ఈ లెక్కను తారుమారు చేయుచున్నవి. 2017లో వస్తుసేవల పన్ను వచ్చి సరిహద్దు చెక్‌పోస్టులు తొలగుట మేలే. కాని డీజిలును ఆ పన్నుకు వెలుపలనే యుంచిరి. 2024లో ఆంధ్రప్రదేశమున దానిపై విలువ ఆధారిత పన్ను నూటికి 22.25 వంతు, ఆపైన లీటరుకు 4 రూపాయలు. ఈ నాలుగు రూపాయలే పై లారీకి కిలోమీటరుకు రూపాయి, నెలకు 6,000. 2018 జూలైలో కేంద్రప్రభుత్వము పది చక్రముల బండి మొత్తము బరువును 25 టన్నులనుండి 28.5 టన్నులకు పెంచినది. ఒక్క బండి యెక్కువ మోయగల్గుట లాభమువలె దోచును. దేశములోని బండ్లన్నియు నొక్కసారిగా నెక్కువ మోయగల్గినప్పుడు, సరకు పెరుగనిచో, టన్ను బాడుగ పడిపోవుట సహజము గదా!

బాడుగ తక్కువైనచో రైతునకు లాభమే గదా యని మన పాఠకులు కొందరడుగవచ్చును. ఆ లాభము నిలుచునది కాదు. గిట్టుబాటు లేనివాడు అరిగిన టైర్లతో నడుపును, పరిమితికి మించి ఎత్తును, నిద్ర మానును. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటల పనియని విధించినది. కాని అది ఐదుగురికి తక్కువకాని పనివారున్న సంస్థలకే వర్తించెడిది. తన బండి తానే నడుపువానికి ఆకలియే చట్టము. వాని యలసట వలన జరుగు ప్రమాదమునకు వెల చెల్లించువారు రోడ్డుమీద నడచు మనమందరమును.

చేయవలసినవి మూడు. అమెరికాలో నొక రవాణా పరిశోధనసంస్థ లారీ నడుపుటకగు ఖర్చును మైలువారీగా లెక్కించి యేటేట ప్రకటించుచున్నది. 2024కు అది మైలుకు 2.26 డాలర్లు. అట్టి లెక్క మనకును ప్రతిరాష్ట్రమున వెలువడవలెను. రెండవది, డీజిలు ధరతో పాటు బాడుగయు హెచ్చుతగ్గులు పొందునట్లు ఒప్పందములు వ్రాసికొనవలెను. మూడవది, బాకీలు వేళకు చెల్లవలెను. నమోదైన చిన్న సంస్థలకు 45 దినములు మించి బాకీ నిలుపరాదనియు, నిలిపినచో రిజర్వుబ్యాంకు రేటునకు మూడురెట్ల చక్రవడ్డీ యీయవలెననియు 2006 నాటి చట్టము చెప్పుచున్నది. సొంతలారీ యజమానులు నమోదై ఈ హక్కును వినియోగించుకొనవలెను. వారి సంఘములు నేర్పవలెను.

పంటకు ఖర్చు లెక్కింపక ధర నిర్ణయించినచో అన్యాయమని మన రైతులు చిరకాలముగా మొరపెట్టుచున్నారు. ఆ పంటను మోయువాని విషయమునను న్యాయమదియే.