రేపటికి రాయితీ

అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ ఏకర్‌లాఫ్ ఒకప్పుడు ఏడాది పాటు భారతదేశంలో ఉన్నారు. ఆయన్ను చూడ్డానికి వచ్చిన మిత్రుడు జోసెఫ్ స్టిగ్లిట్జ్ తిరిగి వెళ్తూ ఒక పెట్టెడు బట్టలు ఇక్కడే వదిలేశారు. వాటిని అమెరికాకు పంపాలి. మన దగ్గర పార్సిల్ పంపడమంటే ఒక రోజంతా పోతుందని ఏకర్‌లాఫ్ లెక్క. అందుకే పొద్దున లేవగానే, రేపు తప్పకుండా పంపేయాలని రోజూ నిర్ణయించుకునేవారు. అలా ఎనిమిది నెలలు దాటాయి. చివరికి అమెరికా వెళ్లిపోతున్న మరో మిత్రుడి సామానుతో ఆ పెట్టె కదిలింది. ఈ సంగతిని ఆయనే 1991 నాటి ఒక వ్యాసంలో రాసుకున్నారు. మరో పదేళ్లకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో పెట్టె పంపాల్సిన వారూ, బట్టల యజమానీ ఇద్దరూ ఉన్నారు.

ఒకప్పుడు తెలుగు ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసిపెట్టేవారు. దెయ్యం వచ్చి, చదువుకుని, వెళ్లిపోయేదట. మర్నాడూ అంతే. ఏకర్‌లాఫ్ గదిలో ఆ పెట్టె గతీ అదే.

ఆయన్ను బద్ధకస్తుడని మాత్రం అనలేం. మూడు పత్రికలు తిప్పిపంపినా వదలకుండా 1970లో నాలుగోచోట అచ్చు వేయించుకున్న పరిశోధనే ఆయనకు నోబెల్ తెచ్చిపెట్టింది. మరి పెట్టె దగ్గర ఏమైంది? ఆయన వివరణ తేలికైనదే. ఇవాళ పడాల్సిన ఇబ్బంది కళ్లముందు కొండలా కనిపిస్తుంది. ఒక్కరోజు ఆలస్యం వల్ల వచ్చే నష్టం ఆవగింజంత. ఏ రోజుకారోజు చూస్తే వాయిదా వేయడమే తెలివైన పని. ఆ తెలివైన రోజులన్నీ కలిస్తేనే ఎనిమిది నెలలు.

మనస్తత్వవేత్తలు ఇంకో అడుగు లోపలికి వెళ్లారు. వాయిదా వేసేది పనిని కాదు, ఆ పని తలచుకోగానే కలిగే గుబులునని ఫ్యూషా సిరోయ్, టిమోతీ పిచిల్ 2013లో వాదించారు. షుగర్ పరీక్ష నెలల తరబడి వాయిదా పడేది ల్యాబ్ దూరమని కాదు, రిపోర్టులో ఏం వస్తుందోనన్న భయంతో. రేపు వెళ్దాంలే అనుకోగానే మనసు తేలికపడుతుంది. ఆ కాసేపటి ఊరటే వాయిదాకు అందే జీతం. డయాన్ టైస్, రాయ్ బామీస్టర్ 1997లో ప్రచురించిన అధ్యయనంలో ఈ జీతం ఎంత ఖరీదో తేలింది. పనులు వాయిదా వేసే కాలేజీ విద్యార్థులు సెమిస్టర్ మొదట్లో మిగతావారికంటే హాయిగా ఉన్నారు. చివరికొచ్చేసరికి ఒత్తిడీ, అనారోగ్యం వాళ్లకే ఎక్కువయ్యాయి, మార్కులూ తగ్గాయి.

గుబులే మూలమైతే తిట్లు దాన్ని పెంచుతాయి తప్ప తగ్గించవు. మన ఇళ్లలో, కాలేజీ హాస్టళ్లలో వాడే మందు మాత్రం అదొక్కటే. కెనడాలో 2010లో వెలువడిన అధ్యయనం ఒకటి దీనికి ఎదురు చెబుతోంది. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసిన విద్యార్థుల్లో, పోనీలే అని తమను తాము క్షమించుకున్నవాళ్లు తర్వాతి పరీక్షకు తక్కువగా వాయిదా వేశారు.

క్షమించుకున్నంత మాత్రాన పని జరిగిపోదు, నిజమే. జర్మనీలో పీటర్ గోల్విట్జర్ బృందం క్రిస్మస్ ముందురాత్రి ఎలా గడిచిందో రెండు రోజుల్లోగా రాసి పంపమని విద్యార్థులను అడిగింది. సగం మందిచేత ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే చెప్పించింది. వాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది పంపారు. మిగతా సగంలో పంపినవారు మూడో వంతే. కాబట్టి ‘ఈ నెలలో పీఎఫ్ నామినేషన్ పూర్తిచేయాలి’ అనుకోవడం దండగ. ‘శనివారం టిఫిన్ అయ్యాక వరండాలో కూర్చుని లాగిన్ అవుతాను’ అనుకుంటే చాలా తేడా ఉంటుంది. పూర్తిచేయడం సంగతి తర్వాత.

ఇంతా చేసి నెపమంతా మనిషి మీదే వేయడం అన్యాయం. 2024 జులై 31 నాటికి దేశంలో 7.28 కోట్ల ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలైతే, అందులో 69.92 లక్షలు ఆ చివరి రోజున వచ్చినవే. గడువు కచ్చితంగా ఉంటే జనం కనీసం ఆ రోజుకైనా కదులుతారు. తెలంగాణలో ట్రాఫిక్ చలానాల విషయంలో జనానికి ఆ గడువు మీదే నమ్మకం లేకుండా పోయింది. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పెండింగ్ చలానాలపై 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో మళ్లీ 80 శాతం. రెండుసార్లూ గడువు పొడిగించారు కూడా. చలానా కట్టకపోవడంలో వాయిదా గుణంతో పాటు కాస్త లెక్కా ఉంటుంది, కానీ ఆ లెక్క నేర్పింది ప్రభుత్వమే. జీహెచ్ఎంసీ ఆస్తిపన్ను మరీ విచిత్రం. ఏప్రిల్‌లోనే కట్టేసేవారికి పన్నులో 5 శాతం రాయితీ. ఏళ్ల తరబడి కట్టనివారికి పదేపదే వన్‌టైమ్ సెటిల్‌మెంట్, వడ్డీలో 90 శాతం మాఫీ.

బ్రిటన్‌లో స్థానిక సంస్థలు వేసే పార్కింగ్ జరిమానాను 14 రోజుల్లోగా కడితే సగమే తీసుకుంటారు, ఆ తర్వాత పూర్తిగా వసూలు చేస్తారు. ఇక్కడ కట్టకుండా ఆగినవారికి ఇచ్చిన 80 శాతంలో కొంతైనా, చలానా పడిన పదిహేను రోజుల్లో కట్టేవారికి మళ్లించి చూడొచ్చు.