రుచి మరిపిస్తుంది, మత్తు మరువదు

"మంచి మార్గరీటా ఏ బారులో దొరుకుతుంది డాక్టరుగారూ?" అని ఒక యువకుడు అడిగాడు.

బారు పేరు చెప్పలేను గాని, రుచి కుదిరినకొద్దీ జాగ్రత్త పెరగాలని చెప్పగలను. ఇందులో ఉండేది టెకీలా, నారింజ మద్యం, నిమ్మరసం. గ్లాసు అంచున ఉప్పు. పులుపు ఘాటును కప్పేస్తుంది. షర్బత్‌లా గొంతు దిగిపోతుంది.

బండి నడిపేవారి 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు మించడం నేరం. ఒక్క గ్లాసుతోనే ఆ హద్దు దాటవచ్చు. అది గంటకు సుమారు 15 మిల్లీగ్రాములే తగ్గుతుంది. కాఫీ, మజ్జిగ, చన్నీళ్ల స్నానం దాన్ని తొందరపెట్టలేవు.

శంషాబాద్ విమానాశ్రయానికి ఎవరినైనా సాగనంపడానికి వెళ్లి, అక్కడ గ్లాసు పట్టారా? కారు అక్కడే వదిలి, ఆర్టీసీ పుష్పక్ బస్సెక్కండి. ఇంట్లో మీకోసం ఎదురుచూసేవారున్నారు.