ఎడారిలో మనం అతిథులం

అరణ్యం అనగానే మన తెలుగువాళ్ళ కళ్ళముందు దట్టమైన చెట్లు, తీగలు, పొదలు మెదులుతాయి. బైబిల్లో ఆ మాట కనబడిన చోటల్లా అలాంటి అడవినే ఊహించుకుంటాం. కానీ ఇశ్రాయేలీయులు నలభై ఏళ్ళు నడిచిన అరణ్యం, యేసుప్రభువు నలభై దినాలు ఉపవాసమున్న అరణ్యం చాలావరకు రాళ్ళు, ఇసుక, ఎండిన వాగులు ఉన్న ఎడారి. అయినా అది ఎవరూ లేని చోటు కాదు. ఆ దినాల్లో ప్రభువు అడవి మృగాల మధ్య ఉన్నాడని సువార్తికుల్లో మార్కు ఒక్కడే రాశాడు (మార్కు 1:13). సాతాను శోధన గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆ మృగాల గురించి విన్నది మాత్రం చాలా తక్కువ. ప్రభువు వాటిని తరిమాడనీ, అవి ఆయన మీద పడ్డాయనీ మార్కు రాయలేదు. ఆయన వాటి మధ్య ఉన్నాడు, అంతే.

ఈ చిన్న మాట నేడు మన కుటుంబాల్లో చాలామందికి అవసరం. కడప, గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి ఎందరో గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. వారిలో హౌస్ డ్రైవర్లున్నారు, ఎడారిలో ఒంటెలనూ గొర్రెలనూ కాసేవారున్నారు. కువైట్, ఒమన్ లాంటి దేశాల్లో శుక్రవారం సెలవు కనుక తెలుగు సంఘాలు అక్కడ ఆ రోజే ఆరాధనకు కూడుకుంటాయి. చలికాలం వస్తే ఎడారిలో గుడారాలు వేసుకుని, మంట చుట్టూ కూర్చుని పాటలు పాడుకుని, రాత్రి గడిపి వచ్చేవాళ్ళూ ఉంటారు. వెళ్ళడం మంచిదే. ఆకాశంలోని నక్షత్రాలను లెక్కించమని దేవుడు అబ్రాహాముకు ఎందుకు చెప్పాడో అక్కడి రాత్రి చూస్తే అర్థమవుతుంది. అయితే ఎడారికి ఎలా వెళ్ళాలో తెలుసుకుని వెళ్ళాలి.

మొదట రోడ్డు సంగతి. గల్ఫ్ రహదారుల పక్కన ఒంటె బొమ్మ ఉన్న త్రికోణపు బోర్డులు ఊరికే పెట్టలేదు. అక్కడ తిరిగే ఒంటెలకు సాధారణంగా యజమానులుంటారు. కానీ అవి మేతకోసం తమ ఇష్టప్రకారం తిరుగుతాయి, రాత్రిపూట రోడ్డు దాటుతాయి. పెద్ద ఒంటె 400 నుంచి 600 కిలోల బరువు ఉంటుంది. పొడవైన కాళ్ళ మీద దాని శరీరం ఎత్తుగా ఉండటంవల్ల కారు ముందుదీపాల వెలుగు ఆ కాళ్ళ మీదే పడుతుంది. మిగతా శరీరం ఇసుక రంగులో, చీకట్లో కలిసిపోతుంది. కారు కాళ్ళను కొడితే అంత బరువూ అద్దం మీద, పైకప్పు మీద పడుతుంది. ఇలాంటి ప్రమాదాల్లో మెడకూ తలకూ తీవ్రమైన గాయాలవుతాయని సౌదీ వైద్యులు రాశారు. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో 33 మీటర్లు దాటుతుంది. దీపం వెలుగులో ఒంటె కనబడి, కాలు బ్రేకు మీదికి వెళ్ళేలోపే అంతా అయిపోతుంది.

అందుకే రాత్రి ఎడారి దారిలో వేగం తగ్గించుకోవాలి. ఒక ఒంటె దాటితే వెనక మరికొన్ని వస్తాయని ఎదురుచూడాలి. హఠాత్తుగా అడ్డొస్తే స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పితే బండి పల్టీ కొడుతుంది కనుక తిన్నగానే బ్రేకు వెయ్యాలి. కఫీల్ తొందరపెట్టినా, విమానానికి ఆలస్యమవుతున్నా ఇది మారదు. బిలాము తన గాడిద దారి తప్పుతోందని, కూలబడిందని మూడుసార్లు కొట్టాడు. దానికి కనబడిన దూత అతనికి కనబడలేదు. అది పక్కకు తొలగకపోతే అతని ప్రాణమే పోయేదని తరవాత తెలిసింది (సంఖ్యాకాండం 22). దారికి అడ్డంగా నిలిచిన జంతువు మన సమయాన్ని పాడుచేస్తోందని విసుక్కునే ముందు ఆ ప్రవక్తను గుర్తుచేసుకుందాం.

ఇక్కడ విశ్వాసులు జాగ్రత్తగా ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. దేవదూతలు కాపాడతారనే 91వ కీర్తన వాగ్దానాన్ని కారు అద్దం మీద అతికించుకునే అలవాటు మనలో ఉంది. అదే వాగ్దానాన్ని శోధన సమయంలో సాతాను ప్రభువుకు వినిపించి, దేవాలయ శిఖరం నుంచి దూకమన్నాడు. దేవుని పరీక్షించకూడదని ప్రభువు జవాబిచ్చాడు (మత్తయి 4:5-7). సింహాన్నీ సర్పాన్నీ తొక్కడం గురించిన మాటలు కూడా ఆ కీర్తనలోనే ఉన్నాయి. వాటిని పట్టుకుని పాము దగ్గరికి వెళ్ళడమూ, బోర్డు చూసి కూడా 140 వేగంతో వెళ్ళడమూ శిఖరం నుంచి దూకడం వంటివే. వాగ్దానం మన కాపుదలకోసం ఇచ్చినది. దాన్ని సాహసానికి లైసెన్సుగా వాడుకుంటే మన వెనక ఇంట్లో ఎదురుచూసే భార్యాబిడ్డలకు, తల్లిదండ్రులకు అన్యాయం చేసినట్టే.

ఇక గుడారం సంగతి. మెలితే ద్వీపంలో ఓడ బద్దలై ఒడ్డుకు చేరినప్పుడు అపొస్తలుడైన పౌలు మంటకోసం పుల్లలు ఏరి తెచ్చాడు. ఆ వేడికి పుల్లల్లోంచి పాము బయటికొచ్చి అతని చెయ్యి పట్టుకుంది (అపొ. కార్యములు 28). పౌలు పామును వెతుక్కుంటూ వెళ్ళలేదు, కట్టెలు ఏరుతుంటే అదే వచ్చింది. ఎడారిలో విడిది చేసేవారికి నేటికీ ఇదే అనుభవం. కొమ్ముల రక్తపింజరి లాంటి పాములు కళ్ళు మాత్రమే పైకి కనబడేలా ఇసుకలో పూడుకుని ఉంటాయి. తేళ్ళు రాళ్ళ కింద, ఎండుకట్టెల కింద దాగుంటాయి. అందుకే చీకట్లో టార్చి లేకుండా, చెప్పులు లేకుండా నడవకూడదు. తెల్లవారి బూట్లు దులిపి తొడుక్కోవాలి. గుడారం జిప్పు ఎప్పుడూ మూసి ఉంచాలి. అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చి వేస్తే తేళ్ళు పచ్చగా మెరుస్తాయి.

పాము కాటేస్తే గాయం కొయ్యకూడదు, నోటితో పీల్చకూడదు, గట్టిగా కట్టు బిగించకూడదు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ప్రార్థన తప్పక చేద్దాం, కానీ ఆస్పత్రికి వెళ్ళే దారిలో చేద్దాం. పౌలు అద్భుతాన్ని పొందినవాడే, అయినా వైద్యుడైన లూకాను వెంటపెట్టుకుని తిరిగినవాడు కూడా.

మంట దగ్గరికి నక్కలు రావచ్చు. ముద్దుగా ఉన్నాయని వాటికి రొట్టె వెయ్యకూడదు. మనుషుల భయం పోయిన జంతువు చివరికి మనుషుల చేతిలోనే చస్తుంది. మిగిలిన అన్నం, ఎముకలు, ప్లాస్టిక్ సంచులు మనతోనే తిరిగి తెచ్చుకోవాలి. బండిని దారి వదిలి ఇసుకలో ఇష్టమొచ్చినట్టు తిప్పితే బల్లుల బొరియలూ, ఎన్నో ఏళ్ళకు ఎదిగిన చిన్న మొక్కలూ నలిగిపోతాయి.

మనిషి బండి ఎడారికి ఏం చేయగలదో అరేబియా ఓరిక్స్ కథ చెబుతుంది. తెల్లని ఒళ్ళు, పొడవైన కొమ్ములు గల ఆ ఎడారి జంతువును మోటారు వాహనాల్లో తరిమి, తుపాకులతో వేటాడారు. 1972 నాటికి స్వేచ్ఛగా తిరిగే ఓరిక్స్ భూమి మీద ఒక్కటీ మిగల్లేదు. అంతకుముందే కొన్నింటిని పట్టి అమెరికాలోని ఫీనిక్స్ జంతు ప్రదర్శనశాలలో, మరికొన్ని చోట్ల పెంచారు. వాటి సంతతిని 1982లో ఒమన్‌లోని జిద్దత్ అల్ హరాసీస్ మైదానంలో తిరిగి వదిలారు, హరాసీస్ తెగవారే వాటికి కావలి కాశారు. ఆ తరవాత మళ్ళీ దొంగవేట మొదలైంది. ఒమన్ ఆ అభయారణ్యాన్ని బాగా తగ్గించడంతో 2007లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసింది. అలా తీసేసిన మొదటి స్థలం అదే. అయినా ఎన్నో దేశాల శ్రమ వృథా కాలేదు. 2011లో ఓరిక్స్ అంతరించే ప్రమాదం కాస్త తగ్గిందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం గుర్తించింది. మనుషులు పాడుచేసినదాన్ని మనుషులే కొంతైనా సరిదిద్దవచ్చని దీనివల్ల తెలుస్తుంది.

యోబు తన బాధలో దేవుణ్ణి నిలదీసినప్పుడు దేవుడు అతణ్ణి ఎడారి జంతువుల దగ్గరికే తీసుకెళ్ళాడు. మనిషి అడుగుపెట్టని చోట వాన కురిపించేదెవరని, అడవి గాడిదకు ఎడారిని ఇల్లుగా ఇచ్చిందెవరని అడిగాడు. కొండమేక ఈనే వేళ, నిప్పుకోడి పరుగు గురించి చెప్పాడు (యోబు 38, 39). మనకు ఏ ఉపయోగమూ లేని చోట కూడా దేవునికి పని ఉంది, ప్రేమ ఉంది. ఆ ఇల్లు ఆయన వాటికిచ్చినది. మనం అక్కడికి అతిథులుగా వెళ్ళేవాళ్ళం.

అతిథి ఇంటివాళ్ళను భయపెట్టడు, తన ప్రాణాన్నీ నిర్లక్ష్యం చేయడు. గల్ఫ్‌లో ఉన్న మన బిడ్డలతో ఈ వారం ఫోనులో మాట్లాడేటప్పుడు డబ్బు అందిందా, ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతాం కదా. రాత్రి బండి మెల్లగా నడపమని కూడా చెబుదాం. మృగాల మధ్య నలభై దినాలు నెమ్మదిగా ఉన్న ప్రభువు వారికి అలాంటి నెమ్మదిని దయచేయును గాక.